జల తరు పాషాణ సహితంగా

మా మావ తన శరీరాన్ని దానం చేస్తూ రాయించిన కాగితంలో చెట్లు కూడా ఉన్నాయి. చెట్లే కాదు, నీళ్ళు, రాళ్ళు, నిధులు, నిక్షేపాలు, ముందుముందు రాబోయే ఫలసాయం, అన్నీ ఉన్నాయి. టెక్కలిలో ఆ దస్తావేజు రాసినాయన అప్పటికి ముప్పయ్యేళ్ళుగా పొలాలూ కొబ్బరితోటలే రాస్తున్నాడు. మనిషిని రాయమని అంతకుముందు ఎవరూ అడగలేదు. అడిగేసరికి ఆయన చెయ్యి తనకు తెలిసిన గట్టు మీదుగానే నడిచింది.

ఆ కాగితం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. చట్టం చూపులో దానికి విలువేమీ లేదు. చట్టం చూపుకు ఆనని వస్తువులు మా ఇంట్లో ఇంకా చాలా ఉన్నాయి గనక వాటి మధ్య అదీ సుఖంగానే ఉంది.

మావ అంటే మా అమ్మకు తమ్ముడు. తర్వాత నాకు పిల్లనిచ్చి రెండోసారి కూడా మావ అయ్యాడు. వజ్రపుకొత్తూరు వైపు, సముద్రం కనపడదు గాని వినపడే దూరంలో ఆయన ఊరు. కొంచెం కొబ్బరి, కొంచెం జీడి. మా అత్త చిన్న వయసులోనే పోయింది. ఒక్కతే కూతురు, ఊళ్ళోనే అంగన్‌వాడీ టీచరు. నేను బి.కాం. చదివి పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర దూరపు ఊళ్ళకు ఉత్తరాలు రాసే ఉద్యోగం చేసేవాణ్ణి. ఆయనకు జబ్బు చేశాక మేమిద్దరం ఆ ఇంట్లోనే ఉండిపోయాం. దాన్ని ఇల్లరికం అన్నవాళ్ళున్నారు. పలాస బస్సు ఇంటి ముందే ఆగుతుందని నేను సర్ది చెప్పేవాణ్ణి.

జబ్బు అంటే మా వైపు వేరే వివరం అక్కర్లేదు. కిడ్నీలే. తొంభైల చివరికి వచ్చేసరికి మా ఉద్దానం ఊళ్ళలో కుశలప్రశ్న కూడా మారిపోయింది. ఇద్దరు కలిస్తే "బాగున్నావా" కాదు, "నీదెంత?" అనేవారు. అడిగేది నెత్తుట్లో క్రియాటినిన్ సంగతి; కిడ్నీ చెడేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. మూడు అన్నవాడు ఆరు అన్నవాడి పక్కన కాస్త నిటారుగా కూర్చునేవాడు. తొమ్మిది అన్నవాడికి బస్సులో లేచి సీటిచ్చేవారు. పదో తరగతి మార్కులు కూడా జనం ఇంత బాహాటంగా చెప్పుకోగా నేను చూడలేదు.

మావ సీటిచ్చే వయసు దాటకుండానే సీటు తీసుకునే అంకెకు చేరాడు. వారానికి రెండుసార్లు విశాఖలో డయాలసిస్. పలాసలో రైలెక్కాలి, దిగాలి, ఆటో ఎక్కాలి, నాలుగు గంటలు మిషను మీద పడుకోవాలి, మళ్ళీ అదంతా వెనక్కి చెయ్యాలి. కిడ్నీల పని మిషను చేసేది. కాళ్ళ పని నేను చేసేవాణ్ణి. రైల్లో మా ఎదుటి సీట్ల వాళ్ళు కూడా చాలాసార్లు మా బాపతే. పెళ్ళికి వెళ్ళే జనంలా సంచులు, టిఫిన్ క్యారేజీలు, ఫైళ్ళు. ఎవరైనా ఒక వారం కనపడకపోతే ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. ఆ సీట్లోకి కొంచెం జరిగి కూర్చునేవాళ్ళం.

ఇంటి దగ్గర నీళ్ళకు కూడా లెక్కే. ఎక్కువ తాగితే కాళ్ళలోకి, ఊపిరిలోకి దిగుతాయి. మా ఆవిడ ఒక స్టీలు గ్లాసు మీద మేకుతో గీత గీసింది. ఆ గీత దాకా, రోజుకు ఇన్నిసార్లు. పిల్లల బరువులు తూచి రిజిస్టర్లో రాసే మనిషి కదా, గీత దగ్గర తండ్రికైనా లొంగేది కాదు. మావ ఆ గ్లాసును "రేషన్ డీలరు" అనేవాడు.

ఇక జీపులు. ఏ నెల చూసినా ఏదో ఒక జీపు వచ్చేది. బావి నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు. మట్టి పట్టుకెళ్ళారు. బియ్యం, ఉప్పుచేప, తోటల్లో కొట్టే మందు డబ్బాలు పట్టుకెళ్ళారు. నెత్తురూ మూత్రమూ సరేసరి. అన్నిటి మీదా పేర్లు రాసి, చీటీలు అంటించి, అంతా బహు జాగ్రత్తగా పట్టుకెళ్ళారు. జవాబు మాత్రం ఎవరూ తీసుకురాలేదు. మావ ప్రతిసారీ మొదటి బంతికి కూర్చున్నట్టు ముందే వెళ్ళి చెయ్యి చాపేవాడు. "ఈసారి పెద్ద డాక్టర్లురా అల్లుడా, సూడు, జీపుకి ఏసీ ఉంది" అనేవాడు.

అలాంటి ఒక శిబిరంలో నేను మాట సాయానికి నిలబడ్డాను. ఎక్కణ్ణించో వచ్చిన పెద్ద డాక్టరు పక్కనున్న చిన్న డాక్టరుతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. మావ నా వైపు చూశాడు.

"ఏటంతన్నాడు?"

"లోపల చూస్తే గాని ఏమీ చెప్పలేమంటున్నాడు మావా."

ఆ డాక్టరు చెప్పింది సూదితో చిన్న ముక్క తీసి చూసే పరీక్ష గురించి. అది నాకు ఏడాది తర్వాత తెలిసింది. అప్పటికి నేను చేసిన అనువాదం మావ మనసులో వేళ్ళూనుకుని కాయలు కాస్తోంది.

ఒకరోజు విశాఖ నుంచి తిరిగొస్తూ, రైలు ఏదో చిన్న స్టేషన్లో కారణం చెప్పకుండా ఆగినప్పుడు, మావ అన్నాడు.

"అల్లుడా, నన్ను ఆల్లకి రాసిచ్చీమంటావేటి?"

"ఎవరికి?"

"డాక్టర్లకిరా. లోపల సూడాలన్నారు కదేటి. బతికుండగా నా వల్ల కాదు. సచ్చిపోనాక సూసుకోమను. ఎందుకొచ్చిందో ఒక్కసారి తెలిసిపోతే మనూరి పిల్లలకి, గుంటలకి రాదు కదా."

నేను ఏదో హాస్యమాడాలి. అది నా వంతు. ఆ రోజు ఏదీ తట్టలేదు. సరే మావా అన్నాను.

మా వైపు మనిషికి ఏదైనా గట్టిపడాలంటే టెక్కలి వెళ్ళి దస్తావేజు రాయించుకోవాలి. అందుకని టెక్కలి వెళ్ళాం. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా రేకుల పంచలో చిన్న బల్ల వేసుకుని కూర్చునే లేఖరి సంగతంతా విని, ఆశ్చర్యం పైకి తేలనివ్వకుండా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"దానమా? వీలునామానా?"

"తేడా ఏటి బాబూ?" అన్నాడు మావ.

"దానమైతే ఇవాళే స్వాధీనం చెయ్యాలి. వీలునామా అయితే నీ తదనంతరం."

"ఇవాలే సేసేత్తాను. తదనంతరం సంతకానికి నానుండను కదా."

లేఖరికి ఈ తర్కం నచ్చింది. కలం తీశాడు. "హద్దులు చెప్పండి."

"హద్దులేటి?"

"తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. షెడ్యూలు లేనిదే దస్తావేజు అవదు."

మావ కాసేపు ఆలోచించాడు. "నిలబడినప్పుడా, తొంగున్నప్పుడా?"

ఇది హాస్యమని నేను నవ్వాను. వాళ్ళిద్దరూ నవ్వలేదు. లేఖరి నిజంగానే ఆలోచించి, కదిలే ఆస్తికి హద్దులు కుదరవు గనక గుర్తులు రాద్దామని తేల్చాడు. అయిదడుగుల ఆరంగుళాల పొడవు, చామనచాయ, ఎడమ మోచేతి కింద కొబ్బరిమట్ట గీరిన మచ్చ. తర్వాత ఆపకుండా ఒక్క గుక్కలో రాసుకుపోయి, పైకి చదివాడు. "...సదరు శరీరమును నిధి నిక్షేప జల తరు పాషాణ సహితంగా, అష్టభోగములతో, నేటి దినమే స్వాధీనపరచడమైనది. ఇందుకు నేను గాని నా వారసులు గాని ఎట్టి తగాదాలు చేయువారము కాము."

"తరువులంటే చెట్లు కదండీ, ఎక్కడున్నాయి?" అన్నాను.

ఆయన కళ్ళజోడు మీంచి నన్ను చూశాడు. చదువుకున్నవాళ్ళంటే ఆయనకు జాలి. "ఆ మాట తీసేస్తే రేపెవడైనా కోర్టుకెళ్తే?"

"ఉండనీరా," అన్నాడు మావ. "నీలున్నాయి కదా కాళ్ళలో. ఆ రాళ్ళే లేవు." అదొక్కటే ఆయనకు లోటు. రాళ్ళయితే తీసి పారేసేవాళ్ళమని డాక్టరు ఒకసారి అన్నాడట. అప్పట్నుంచీ కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళంటే మావకు అసూయ.

ఏ కాలేజీకి ఇవ్వాలో మాకే తెలియదు గనక, సదరు కాలేజీ వారి తరఫున స్వాధీనదారుగా నా పేరు రాశాడు. అలా నేను ఆ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మా మావకు స్వాధీనదారునయ్యాను. మావ బెంచీ మీంచి లేవబోయి మళ్ళీ కూర్చుని, "అందుకోరా, ఇంక ఈ కాళ్ళనొప్పి నీదే" అని చెయ్యి చాపాడు.

సబ్‌రిజిస్ట్రారు మంచాయన. కాగితం చదివి మొదట నవ్వాడు. "ఇది చరాస్తా, స్థిరాస్తా పెద్దాయనా?"

"ఇప్పటికి చరాస్తే బాబూ. ఆనక స్థిరాస్తి అయిపోద్ది."

ఆయన ఇంకోసారి నవ్వబోయి మావ కాళ్ళు చూశాడు. వాపుకు చెప్పులు పట్టక పట్టీలు కోసేసి వేసుకున్న కాళ్ళు. కాగితం మడిచి మా చేతికే ఇస్తూ మెల్లగా అన్నాడు. "మనిషి ఆస్తి కాడండీ. బతికున్నప్పుడు కాడు, పోయాక అసలే కాడు. దీన్ని నేను రిజిస్టరు చెయ్యలేను. పోయాక శరీరం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే మాట."

బయటికొచ్చాక మావ ఆ చివరి మాటను రెండుసార్లు పైకి అనుకున్నాడు. తర్వాత నా చేతుల వైపు చూశాడు, కొనబోయే ఎద్దు పళ్ళు చూసినట్టు.

తర్వాతి డయాలసిస్ రోజున మావను మిషను మీద పడుకోబెట్టి, ఆ నాలుగు గంటల్లో ఒక వైద్య కళాశాల వెతుక్కుంటూ వెళ్ళాను. పేరు చెప్పను. వాళ్ళ తప్పేమీ లేదు. గుమస్తా మా దస్తావేజు మొదట్నుంచి చివరిదాకా చదివాడు. పాషాణం దగ్గర ఆగి ఇంకోసారి చదివాడు.

"ఇది మాకు పనికిరాదండీ. ఒక జిరాక్సు ఇచ్చి వెళ్తారా, మా వాళ్ళకు చూపిస్తాను," అన్నాడు. తర్వాత ఫారం తీశాడు. "ఆయనకు మీరేమవుతారు?"

"మేనల్లుణ్ణి. అల్లుణ్ణి కూడా."

"రెండూ కలిపినా సరిపోదండి. భార్య?"

"లేదు."

"కొడుకు?"

"లేడు."

"కూతురు?"

"ఉంది. మా ఆవిడే."

"అయితే ఆవిడే. ఆవిడ సంతకం పెడితే ఈ దస్తావేజుతో పని లేదు. ఆవిడ వద్దంటే ఇలాంటివి పది ఉన్నా పని లేదు."

రెండేళ్ళుగా నేను మోస్తున్న మనిషి మీద నాకు ఏ హక్కూ లేదని అంత మర్యాదగా ఎవరూ చెప్పలేరు. అక్కడితో వచ్చేస్తే బాగుండేది. పక్క గదిలో ఆ విభాగం మేడం ఉన్నారని, ఒక్క మాట అడుగుదామని వెళ్ళాను. ఇలా ఉద్దానం నుంచి అని చెప్పాను. మీరు చూశాక, జబ్బు ఎందుకొచ్చిందో తెలుస్తుందా అని అడిగాను.

ఆవిడ కుర్చీ చూపించి కూర్చోమన్నారు. జవాబేమిటో అప్పుడే నాకు అర్థమైంది. "ఇక్కడ మేం వెతకమండీ. మనిషి లోపల ఏది ఎక్కడుంటుందో మొదటి సంవత్సరం పిల్లలకు చూపిస్తాం. ఎందుకొచ్చిందనేది వేరే వాళ్ళ పని, వేరే పద్ధతి. అప్పటికి ఈ శరీరంలో అది దొరకదు కూడా." నా చేతిలో ఫారం వైపు చూసి, "కానీ మాకు అవసరమే. చాలా," అన్నారు.

తిరుగు రైల్లో మావ కళ్ళు మూసుకునే అడిగాడు. "ఏటన్నారు?"

"ఫారం ఇచ్చారు మావా."

"సూత్తామన్నారా?"

"చూస్తామన్నారు."

అబద్ధం కాదు. చూస్తారు. ఎందుకు చూస్తారో మాత్రం నేను అనువదించలేదు. మొదటిసారి తెలియక తప్పు అనువాదం చేశాను. రెండోసారి తెలిసే మానేశాను. రెండిటిలో ఏది పెద్ద తప్పో ఆలోచించడానికి రైల్లో టైమెప్పుడూ ఉండేది, ఓపికే ఉండేది కాదు.

సంతకం కూతురిదన్న సంగతి మాత్రం చెప్పాను. ఆయన అప్పుడు కళ్ళు తెరిచాడు.

"దానికెలగ సెప్తాంరా? నాకు ఉప్పులేని కూర వండినప్పుడల్లా ముక్కు సీదుకుంతాది. పొగంతాది." ఇంకాస్త దూరం పోయాక, "అంగన్‌వాడీ కాగితాల మజ్జిన ఎట్టీసి సంతకం ఎట్టించీ" అన్నాడు.

"చదవకుండా సంతకం పెట్టదు మావా. నువ్వే నేర్పావు."

"అదొకటి నేర్పీసినాను," అన్నాడు మావ, తీరా చూస్తే తన జీవితంలో జరిగిన ఒకే ఒక్క పొరపాటు అదే అయినట్టు.

ఆ తర్వాత ఆయన చెప్పలేదు, నేను చెప్పలేదు. ఊరి జబ్బు కోసం ఏసీ జీపు డాక్టర్లకు ముందే చెయ్యి చాపిన మనిషి కూతురు ఎదురుపడితే కొబ్బరి ధర మాట్లాడేవాడు. ఫారం స్కానింగు రిపోర్టుల సంచిలోనే ఉండిపోయింది. ఆ సంచి ప్రతివారం రెండుసార్లు విశాఖ వెళ్ళొచ్చేది.

నాలుగు నెలల తర్వాత, ఎండలు ముదిరి, ఊరంతా జీడిపిక్కలు ఏరుతున్న రోజుల్లో, డయాలసిస్ లేని ఒక పొద్దున్న మావ పోయాడు. తొమ్మిదింటికి మంచినీళ్ళడిగాడు. మా ఆవిడ గీత దాకా పోసి ఇచ్చింది. "ఈవేల నిండా పొయ్యే" అన్నాడు. "సాయంత్రం పోస్తాను నాన్నా" అంది. పది కాకుండానే అయిపోయింది.

ఊరి జనం చేరారు. డాక్టరు వచ్చి చూసి కాగితం రాసిచ్చాడు. మావ తమ్ముడు, నాకు చిన్నమావ, అప్పటికే వెదురుకు మనిషిని పంపేశాడు. నేను సంచిలోంచి దస్తావేజు, ఫారం తీసుకుని ఆయన దగ్గరికెళ్ళి సంగతి చెప్పాను. ఆయన విన్నాడు. చివరిదాకా విన్నాడు, దానికే నాకు భయమేసింది.

"అన్నకి కొడుకు లేడు. కుండ నాది, కొరివి నాది. నువ్వెవుడివిరా మజ్జిన?"

"స్వాధీనదారుణ్ణి," అన్నాను. ఆ సమయంలో నా నోటికి వచ్చిన ఏకైక మాట అది. నవ్వించడానికి అనలేదు. ఎవరూ నవ్వలేదు.

"మా అన్న నీకు స్వాధీనమా? బస్తా అనుకున్నావేటి, చీటీ అంటించీసి పంపించీడానికి? కర్మ లేకండా ఆడెక్కడ తిరుగుతాడు? కోసి ముక్కలు సేసీత్తే పిండం దేనికెడతాను, సెప్పు! రేపు నన్నూ అలగే అట్టుకుపోతారా?"

ఆ చివరి ప్రశ్నలో కోపం లేదు. ఆయనది అప్పటికి అయిదు.

"మాట నీదీ కాదు, నాదీ కాదు చిన్నమావా. చట్టం ప్రకారం దానిది," అన్నాను. అరుగు మీద తండ్రి తల దగ్గర కూర్చున్న మా ఆవిడ వైపు అందరూ తిరిగారు.

"అది ఇంటిపేరు మారిపోయిన గుంట," అన్నాడు చిన్నమావ, గొంతు తగ్గించి.

నేను వెళ్ళి ఆమె ముందు కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఫారం ముందుకు చాపాను. ఆమె అందుకోలేదు.

"ఇది నాకు తెలీదనుకున్నావేటి బావా? సంచి ఉతికేది ఎవులు? నాలుగు నెల్ల నుంచి సూత్తన్నాను. ఇవాల సెప్తారు, రేపు సెప్తారని సూసినాను. ఒక్కలు అడగలేదు. ఆయనా అడగలేదు, నువ్వూ అడగలేదు. ఊరందరి గురించీ ఆలోసించినాడు మా నాన్న. నన్నొక్క మాట అడగడానికి నోరు రాలేదు."

"నువ్వు ఏడుస్తావని."

"ఏడిస్తే? ఏడ్సి సంతకం ఎట్టకూడదా?"

అప్పుడు చెప్పాను. ఇంక దాచి లాభం లేదు. వాళ్ళు కారణం వెతకరని, పిల్లలకు పాఠం చెబుతారంతేనని, అది మావకు నేను చెప్పలేదని. చిన్నమావ పక్కనే ఉన్నాడు. ఆయన కూడా విన్నాడు.

ఆమె చాలాసేపు తండ్రి చేతి మీద మచ్చ వంక చూసింది. "ఎంతమంది వచ్చినారు ఈ ఇంటికి. నెత్తురు తీసుకెళ్ళినారు, నీలు తీసుకెళ్ళినారు, నూతిలో మట్టి కూడా తీసుకెళ్ళినారు. ఒక్కడు తిరిగొచ్చి, అయ్యా, మేం సూసినాం, ఇదీ సంగతి, అన్నాడా? మనిషిని కూడా అలగే తీసుకెళ్ళిపోతారా?" అంది. తర్వాత చెయ్యి చాపింది. "పెన్నియ్యి."

తను అంగన్‌వాడీ రిజిస్టర్లు రాసేటప్పటిలాగే మోకాలి మీద అట్ట పెట్టుకుని రాసింది. ప్రతి గడీ చదివింది. మృతునితో సంబంధం: కూతురు. సంతకం పెట్టాక వెనక్కి తిప్పింది. అక్కడ ఏ గడీ లేదు. తనే ఒక గీత గీసి, 'రిమార్కులు' అని రాసి, కింద ఇలా రాసింది: "చూసినవారు ఏమి చూసినదీ మాకు తెలియజేయవలెను. ఇది మా నాన్న అడిగినది."

"సిన్నాన్నా, కుండ నువ్వే పట్టుకో," అంది చిన్నమావతో. "శరీరం లేనోలకి ఆకులతో బొమ్మ సేసి సేత్తారు కదా. సముద్రంలో పోనోలకి అలాగే సేసినారు కదా."

అది నిజమే. పడవల మీద పోయి తిరిగిరానివాళ్ళకు మోదుగాకులతో మనిషిని పేర్చి, తలకు కొబ్బరికాయ పెట్టి దహనం చెయ్యడం మా తీరంలో ఎరిగిన పనే. పలాశ విధి అంటారు. మా పలాసకూ దానికీ ఏం సంబంధమో నాకు తెలియదు. చిన్నమావ లేచి పెరట్లోకి వెళ్ళి, రాలినవాటిలో మంచి కాయ వెతకడం మొదలుపెట్టాడు. అయిదారు కాయలు ఊపి చూసి పక్కన పడేశాడు. అన్న తలకు ఏది సరిపోతుందో అంత తేలిగ్గా తేలదు.

ఎస్టీడీ బూతు నుంచి కాలేజీకి ఫోన్ చేస్తే సాయంత్రంలోగా తెమ్మన్నారు. భావనపాడు నుంచి చేపలు తోలే వ్యాను, ఐసుతో సహా దొరికింది. డ్రైవరు రెండుసార్లు కడిగాడు గాని ఆ వాసన పోదు. మావకు ఆ వాసనంటే ఇష్టమే. ఇన్నేళ్ళలో విశాఖకు రైలు కాకుండా వెళ్ళింది ఆ ఒక్కసారే. మా ఆవిడా నేనూ ఎక్కాం. అలవాటుకొద్దీ రిపోర్టుల సంచి కూడా పట్టుకున్నాను. సగం దారిలో గాని చూసుకోలేదు.

ఆ గుమస్తానే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. ఫారం తిప్పి చూసి, "ఇలా వెనకాల రాయకూడదమ్మా. ఈ ఫారంలో రిమార్కులు లేవు," అన్నాడు.

"అయితే కొట్టీండి," అంది మా ఆవిడ.

అతను కలం తీశాడు. కాసేపు పట్టుకున్నాడు. తర్వాత జేబులో పెట్టుకుని, ఫారాన్ని అలాగే ఫైల్లో పెట్టాడు. మేం ఖాళీ వ్యానులో తిరిగొచ్చాం. ఐసు కరిగి కాళ్ళ కింద నీళ్ళు కదులుతున్నాయి.

ఏడాది దాటింది. మా ఆవిడ ఎదురుచూస్తోందని ఎప్పుడూ అనలేదు. పోస్టుమ్యాను వచ్చే వేళకు మాత్రం ఏదో పనిమీద వాకిట్లో ఉండేది. నేను ఆమెకు ఒకటి రెండుసార్లు చెప్పబోయాను, అలాంటి ఉత్తరాలు రావని, వాళ్ళకు అది నియమం కాదని. చెప్పలేదు. ఆ విషయంలో నాకు అప్పటికే అనుభవం ఉంది.

వానలు మొదలైన రోజుల్లో ఒక కవరు వచ్చింది. ఆ మేడం చేతిరాత. మీరు రిమార్కులలో కోరినందున రాస్తున్నాను అని మొదలుపెట్టారు. మూత్రపిండాలు రెండూ బాగా కుంచించుకుపోయి ఉన్నాయి. కారణం మేము చెప్పలేము. మిగతా అవయవాలన్నీ ఆయన వయసుకు చాలా బాగున్నాయి. గుండె బాగుంది. పిల్లలు ఆయన దగ్గర శ్రద్ధగా నేర్చుకున్నారు. అంతే.

మా ఆవిడ నిలబడే చదివింది. పైన ఒక మూల, ఏ రోజు అందిందో తేదీ వేసింది. తర్వాత లోపలికెళ్ళి దస్తావేజు మడతలో పెట్టింది.

ఉత్తరం వచ్చిందని ఎవరు చెప్పారో, సాయంత్రానికి చిన్నమావ వచ్చాడు. ఆ ఏడాదంతా మా గడప తొక్కలేదు ఆయన. అరుగు మీద కూర్చుని, పక్క చూపు చూస్తూ అడిగాడు.

"ఏటన్నారు?"

"గుండె బాగుందంట సిన్నాన్నా. మిగతావన్నీ బాగున్నాయంట."

ఆయన తలాడించాడు. ఇంకా ఏదో ఉంటుందని కాసేపు చూశాడు. "మరెందుకు పోనాడు?"

దూరంగా సముద్రం వినపడుతోంది. చిన్నమావది అప్పటికి ఏడు. ఉక్కలో నడిచొచ్చాడు.

"కూసిన్ని నీలియ్యే," అన్నాడు.

మా ఆవిడ లోపలికెళ్ళింది. గూట్లో ఇంకా ఆ గీత గ్లాసే ఉంది, పారెయ్యలేదు. దాన్ని చేతిలోకి తీసుకుని గీత మీద బొటనవేలు పెట్టి కాసేపు నిలబడింది. తర్వాత కుండలో ముంచి, అంచు దాకా నిండా తెచ్చింది.